జానెడైతే తోలండి, బెత్తెడైతే తీయండి: పచ్చికను మళ్లుగా విడగొట్టి మేపడం ఎలా?

"ఎన్ని రోజులకోసారి పశువుల్ని మార్చాలి?" మళ్లు మార్చి మేపడం గురించి మాట మొదలైతే చాలు, ప్రతి ఒక్కరూ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. వారానికా, మూడు రోజులకా, రోజూనా? అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. "ఒక మడిలోంచి తీసిన పశువుల్ని మళ్లీ అదే మడిలోకి ఎన్నాళ్లకు తోలాలి?" అని అడగండి. పశువు మేసే రోజుల కన్నా గడ్డి కోలుకునే రోజులు ముఖ్యం. ఈ ముక్క పట్టుబడితే మిగతాదంతా కంచె పని, నీళ్ల పని.

రొటేషనల్ గ్రేజింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ సంగతి చిన్నదే. మేత భూమిని చిన్న మళ్లుగా విడగొడతాం. మంద అంతా ఒక మడిలోనే మేస్తుంది, మిగతా మళ్లన్నీ ఖాళీగా ఉండి చిగుర్లు వేస్తుంటాయి.

బీడు మొత్తం ఒకేసారి వదిలేస్తే ఏమవుతుందో చూసే ఉంటారు. నీళ్ల తొట్టి చుట్టూ, చెట్టు నీడ చుట్టూ నేల బోడి అవుతుంది, పేడంతా అక్కడే పడుతుంది. నిన్న కొరికిన దుబ్బుకు ఇవాళ లేత చిగురు వస్తే పశువు వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ దాన్నే కొరుకుతుంది. దూరపు మూలన గడ్డి ముదిరి వెన్ను వేసి ఎండిపోతుంది. అంటే మంచి గడ్డి చచ్చిపోతుంది, పనికిరానిది పెరుగుతుంది. మళ్లు మారిస్తే ఈ వరుస తిరగబడుతుంది: అదే నేలలో ఎక్కువ మేత వస్తుంది, పేడ, మూత్రం పొలమంతా పరుచుకుంటాయి, కలుపు తగ్గుతుంది, పొట్ట పురుగుల బెడద అదుపులో ఉంటుంది. ఇంకో లాభం ఎవరూ ముందు చెప్పరు. రోజూ మనిషి చేతిమీదుగా మడి మారే పశువులు మచ్చికవుతాయి. గేటు చప్పుడు వింటే వాటంతట అవే వచ్చి నిలబడతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. వాన బాగా తక్కువగా ఉండే విశాలమైన బీళ్లలో దీనివల్ల ఎంత లాభం అన్నదానిపై పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అక్కడ కంచె కన్నా వానే పెద్ద యజమాని. ఓ మోస్తరు వానలు, లేదా తడి ఉన్న చోట ఫలితం కళ్లకు కనిపిస్తుంది.

కావలసినవి

- పొలం గీత: కాగితం మీద చేత్తో గీసినదైనా చాలు
- సెంటీమీటర్ల గుర్తులు పెట్టిన ఒక కర్ర
- మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం (కర్రలతోనో పైపులతోనో), కొడవలి, చిన్న తూకం
- బయటి గట్టి కంచె, లోపల మార్చుకునే తేలిక కంచె
- అటూ ఇటూ జరుపుకునే నీళ్ల తొట్టి, పైపు
- ఒక నోటుబుక్కు. దీన్ని కొనడం మర్చిపోయినా ఫరవాలేదు, రాయడం మర్చిపోతే మాత్రం ఏడాది వృథా

1. పొలం నడవండి

ముందు కంచె సామాను కొనకండి. పొలమంతా ఒక ఉదయం నడిచి, ఎక్కడ గడ్డి చిక్కగా ఉంది, ఎక్కడ నీరు నిలుస్తుంది, ఎక్కడ రాళ్లు, ఎక్కడ నీడ ఉందో గీత మీద గుర్తు పెట్టండి. మళ్లన్నీ ఒకే విస్తీర్ణంలో ఉండక్కర్లేదు, ఒకే మేత ఇచ్చేలా ఉండాలి. చవుడు నేల మడి పెద్దది, ఒండ్రు నేల మడి చిన్నది. ఏటవాలు భూమిలో మడిని వాలుకు అడ్డంగా పెట్టండి. నిలువుగా పెడితే పశువులు ఎక్కీ దిగీ దారి పడుతుంది, వానకు ఆ దారే వాగవుతుంది.

2. మేత లెక్క కట్టండి

ఒక పశువు రోజుకు తన బరువులో 2.5 నుంచి 3 శాతం దాకా ఎండు మేత తింటుంది. ఎండు మేత అంటే గడ్డిలోని నీరు తీసేసిన బరువు. 400 కిలోల ఆవుకు 3 శాతం చొప్పున 12 కిలోలు, అలాంటివి పది ఉంటే రోజుకు 120 కిలోలు. గొర్రెలు, మేకలకు 3 నుంచి 4 శాతం వేసుకోండి.

ఇప్పుడు మీ నేల ఎంత ఇస్తుందో చూడాలి. గడ్డి జానెడు (సుమారు 22 సెంటీమీటర్లు) ఎదిగిన చోట చట్రం పెట్టి, కింద బెత్తెడు (8 సెంటీమీటర్లు) వదిలేసి పైది కోసి తూయండి. ఒక్కచోట కాదు, కనీసం అయిదారు చోట్ల కోసి సగటు తీయండి. పచ్చిగడ్డిలో అయిదో వంతు మాత్రమే ఎండు మేత అనుకోండి. చదరపు మీటరుకు 700 గ్రాములు వచ్చిందనుకుందాం, అందులో ఎండు మేత 140 గ్రాములు. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు కాబట్టి ఎకరానికి 560 కిలోలు. అందులో తొక్కుడుకు, పేడ పడినచోట వదిలేసినదానికి మూడో వంతు దాకా పోతుంది. చేతికి దక్కేది దాదాపు 400 కిలోలు.

పది ఆవులకు రోజుకు 120 కిలోలు కావాలి గనక రోజుకు 30 సెంట్ల పచ్చిక అవసరం. ఈ ఒక్క లెక్క చేయకుండా కంచెలు పాతేసినవాళ్లే తర్వాత "మాకు కుదరలేదు" అంటారు.

3. ఎన్ని మళ్లో తేల్చండి

విశ్రాంతి రోజుల్ని మేసే రోజులతో భాగించి ఒకటి కలపండి. గడ్డి కోలుకోవడానికి 30 రోజులు పడుతుంది, ఒక్కో మడిలో 3 రోజులు మేపుతాం అంటే 30ని 3తో భాగిస్తే 10, ప్లస్ 1, మొత్తం 11 మళ్లు. ఆ పదకొండోదే ఇప్పుడు పశువులున్న మడి.

మూడు రోజులే ఎందుకు? అదను ఉన్నప్పుడు కొరికిన పిలక మూడు నుంచి అయిదు రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. పశువు అప్పటికీ అక్కడే ఉంటే ఆ చిగురునూ కొరికేస్తుంది. గడ్డిని చంపేది మొదటి కొరుకు కాదు, ఆ రెండోది.

పై ఉదాహరణలో మూడు రోజుల మడి అంటే 90 సెంట్లు. పదకొండు మళ్లకు దాదాపు పది ఎకరాలు. మీకు అయిదే ఉన్నాయా? అయితే సగం మేత కొట్టంలో పెట్టండి, లేదా మందను తగ్గించండి. భూమి చాలనప్పుడు మళ్లు పెంచినంత మాత్రాన మేత పుట్టుకురాదు.

4. నీళ్లు, నీడ, బాట

ఎండాకాలంలో పెద్ద పశువు రోజుకు 40 నుంచి 70 లీటర్లు తాగుతుంది, పాలిచ్చేదైతే ఇంకా ఎక్కువ. తొట్టి 200 మీటర్లకు మించి దూరముంటే మంద అంతా కలిసి నీళ్లకు పోతుంది, అక్కడే పడుకుంటుంది, దూరపు గడ్డి ముట్టదు. ప్రతి మడికీ తొట్టి పెట్టలేకపోతే రెండు మూడు మళ్లు కలిసే చోట ఒకటి పెట్టండి. అదీ కుదరకపోతే మధ్యలో ఒక బాట వదిలి, అన్ని మళ్ల గేట్లూ దానిలోకి తెరుచుకునేలా చేయండి. గేటు మడి మూలలో, తొట్టి వైపు ఉండాలి. వెనక వైపు పెడితే ముందున్న పశువులు బయటికి వచ్చినా వెనకవి కంచె వెంట పరుగులు తీస్తుంటాయి, రోజూ అదే తంతు.

5. కంచె వేయండి

లోపలి కంచెకు అందరూ వాడేది సన్నని లోహపు పోగులు అల్లిన ప్లాస్టిక్ తీగ, దానిలోకి షాక్ పంపే ఎనర్జైజర్ అనే పెట్టె. ఎనర్జైజర్ సెకనుకో సారి క్షణకాలం మాత్రమే షాక్ వదులుతుంది కాబట్టి పశువు బెదురుతుంది, చావదు.

హెచ్చరిక: ఇంటి కరెంటును గానీ మోటారు కరెంటును గానీ నేరుగా కంచెకు ఎప్పుడూ ఇవ్వకండి. పశువులే కాదు, పిల్లలు, దారినపోయేవాళ్లు చనిపోతారు. ఎనర్జైజర్ పెట్టినా ముళ్ల తీగకు కరెంటు ఇవ్వకూడదు. చిక్కుకున్నది విడిపించుకోలేదు.

పెద్ద పశువులకు వాటి ఛాతీ, ముట్టె ఎత్తులో, అంటే 75 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య ఒక్క తీగ చాలు. దూడలుంటే కింద ఇంకోటి. గొర్రెలు, మేకలకు మూడు నాలుగు వరసలైనా ఉండాలి, కింది తీగ నేలకు జానెడు మించి పైకి ఉండకూడదు. మేక సంగతి మీకు తెలిసిందే: నీరు పోయే సందున్నా మేక పోతుంది. దానికి వల కంచె మేలు.

కంచె పనిచేయకపోతే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఎర్తింగ్‌లో ఉంటుంది. దాదాపు రెండు మీటర్ల రాడ్లు మూడు, ఒక్కోదాని మధ్య మూడు మీటర్ల దూరం ఉంచి, తేమ ఉండే చోట దింపండి. ఎండాకాలంలో మట్టి ఎండితే వాటి మొదట్లో నీళ్లు పోయండి. తీగ చివర, అంటే ఎనర్జైజర్‌కు బాగా దూరంగా కంచె వోల్టుమీటరు పెట్టి చూస్తే పెద్ద పశువులకు 3,000 వోల్టులు, గొర్రెలు, మేకలకు 4,000 వోల్టులకు తగ్గకూడదు. తక్కువొస్తే తీగకు గడ్డి ఆనుకుందేమో ముందు చూడండి.

కంచె ఖర్చు వద్దనుకుంటే: తాడు, గూటం పద్ధతీ మళ్లు మార్చి మేపడమే. ఆరు మీటర్ల తాడుకు కట్టిన ఆవు చుట్టూ తిరిగితే సుమారు 113 చదరపు మీటర్లు మేస్తుంది. పై లెక్కలో ఒక ఆవు రోజు మేతకు దాదాపు అంతే కావాలి. అంటే రోజుకో చోట గూటం మార్చితే సరిపోయింది. గూటం దగ్గర తాడు మెలిపడకుండా తిరిగే కొక్కెం పెట్టండి. పొదలు, ఏటవాలు ఉన్నచోట కట్టకండి. నీళ్లు రెండు పూటలా మీరే అందించాలి, మిట్టమధ్యాహ్నం నీడకు తోలాలి.

6. కంచెను పరిచయం చేయండి

షాక్ తీగ ఎరగని మందను నేరుగా మడిలో వదిలితే తీగ తెంపుకుని పోతాయి. గట్టి కంచె ఉన్న చిన్న దొడ్డిలో, ఆ కంచెకు లోపలివైపు షాక్ తీగ కట్టి ఒకటి రెండు రోజులు ఉంచండి. తీగకు అక్కడక్కడా రంగు గుడ్డ పీలికలు కడితే పశువుకు కనిపిస్తుంది. ముట్టెతో ఒక్కసారి తాకితే పాఠం పూర్తవుతుంది. తర్వాత తీగ పక్కనే కూర్చుని నెమరు వేస్తాయి గానీ దాటవు.

7. తోలడం, తీయడం

మా పాత లెక్క ఇదే: జానెడున్నప్పుడు తోలు, బెత్తెడు మిగలగానే తీయి. జానెడంటే సుమారు 22 సెంటీమీటర్లు, బెత్తెడంటే 8. గడ్డి రకాన్ని బట్టి ఇది మారుతుంది. గరికలాంటి నేలబారు గడ్డి 5 సెంటీమీటర్ల దాకా మేపినా తట్టుకుంటుంది. గినియా, నేపియర్ లాంటి పొడుగు దుబ్బుల్ని మోకాలు దాటి ఎదిగాకే తోలి, జానెడు నుంచి జానెడున్నర వదిలేయాలి.

మిగిలిన ఆ బెత్తెడు చూసి చాలామందికి ప్రాణం ఉసూరుమంటుంది. "ఇంకో రోజు మేస్తుంది కదా!" మేస్తుంది. కానీ గడ్డి మళ్లీ వండుకునేది ఆ ఆకులతోనే. అమెరికాలో ఫ్రాంక్లిన్ క్రైడర్ అనే శాస్త్రవేత్త 1955లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆకుల్లో సగం కోసినప్పుడు వేర్ల ఎదుగుదల దాదాపు మామూలుగానే సాగింది. 80 శాతం కోసినప్పుడు వేర్లన్నీ పన్నెండు రోజులు ఆగిపోయాయి. ఆ ఇంకొక్క రోజు మేత కోసం మీరు కట్టే వడ్డీ అదన్నమాట.

మొదటి చుట్టులో ఒక చిక్కుంది. వానలు పడ్డాక మళ్లన్నీ ఒకేసారి ఎదుగుతాయి. మొదటి మడి జానెడయ్యేదాకా ఆగితే ఆఖరి మడికి చేరేసరికి అక్కడి గడ్డి ముదిరి పుల్లవుతుంది. అందుకే మొదటి రెండు మూడు మళ్లను కాస్త లేతగా ఉండగానే, పైపైన మేపి వదిలేయండి. ఆఖర్లో ముదిరే మడి ఏదో తెలిసిపోతుంది కాబట్టి దాన్ని కోసి ఎండుగడ్డి చేసుకోండి.

వీలైతే మధ్యాహ్నం తర్వాత కొత్త మడిలోకి మార్చండి. అప్పటికి ఆకుల్లో చక్కెర పెరుగుతుంది, మంచు తడి ఆరి ఉంటుంది.

8. వేగం మార్చండి

అందరూ తడబడేది ఇక్కడే. గడ్డి జోరుగా పెరుగుతుంటే మళ్లు త్వరగా మార్చాలి, విశ్రాంతి 20 నుంచి 30 రోజులు చాలు. గడ్డి నెమ్మదించిందంటే నెమ్మదిగా మార్చాలి, విశ్రాంతి 45, 60 రోజులకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువకు పెంచాలి. మనసు మాత్రం తిరకాసుగా లాగుతుంది. గడ్డి తగ్గేకొద్దీ ఒక మడిలో చాలక వెంటనే తర్వాతి మడికి, అక్కడా చాలక ఆ తర్వాతిదానికి తోలుకుంటూ పోతాం. చుట్టు పూర్తయ్యేసరికి మొదటి మడి ఇంకా నాలుగు వేళ్లు కూడా లేవలేదు. ఫ్రాన్స్‌కు చెందిన రైతు, శాస్త్రవేత్త ఆంద్రే వాజాన్ ఈ ఉచ్చు గురించి 1950ల్లోనే హెచ్చరించాడు.

నేనూ అందులోనే పడ్డాను. నాలుగు మళ్లు, వారానికొకటి, క్యాలెండర్‌లో గుర్తులు కూడా పెట్టుకున్నాను. వానలున్నంత కాలం 21 రోజుల విశ్రాంతి సరిపోయింది. వానలు ఆగాక కూడా అదే క్యాలెండర్ పట్టుకుని తిప్పాను. రెండో చుట్టులో కర్ర పెడితే గడ్డి మూడు వేళ్లు, మూడో చుట్టులో కర్ర అక్కర్లేకుండానే మట్టి కనిపించింది.

ఎదుగుదల నెమ్మదించినప్పుడు మందను బెత్తెడు గీత దాకా అదే మడిలో ఉంచి, లోటు మేత ఎండుగడ్డితోనో చొప్పతోనో పూరించండి. పదకొండు మళ్లలో ఒక్కోదాంట్లో ఆరు రోజులు ఉంచితే మిగతావాటికి 60 రోజుల విశ్రాంతి దొరుకుతుంది. చిగురు కూడా ఆలస్యంగానే వస్తుంది గనక ఆ ఆరు రోజులు గడ్డికి పెద్ద దెబ్బ కాదు.

అసలేమీ పెరగని రోజుల్లోనూ, నేల బురదైపోయిన ముసురులోనూ ఒక మడిని బలి ఇవ్వండి. మందను అక్కడే ఉంచి మేత తెచ్చి వేయండి. ఒకటి పాడైనా పది బతుకుతాయి. వానలొచ్చాక దాన్ని దున్ని విత్తుకోవచ్చు.

గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లకు

మీకు గడ్డితో పాటు పురుగుల లెక్క కూడా ఉంది. పేడలో పడ్డ గుడ్లు వెచ్చగా తేమగా ఉన్నప్పుడు వారం లోపే పిల్ల పురుగులై గడ్డి మొదళ్లలో, ఎక్కువగా కింది 5 సెంటీమీటర్లలో ఉంటాయి. కాబట్టి ఒక మడిలో నాలుగు రోజులు మించనివ్వకండి, బెత్తెడు కన్నా కిందికి అసలు మేపకండి, తేమ రోజుల్లో వీలైతే 60 రోజుల దాకా ఆ మడికి తిరిగి తోలకండి. అంతకాలం ఆగితే గడ్డి ముదురుతుంది, నిజమే. మధ్యలో ఒకసారి ఆవుల్నో గేదెల్నో తోలండి. గొర్రెల పురుగులు చాలావరకు పెద్ద పశువుల కడుపులో బతకవు, గడ్డీ లేతబడుతుంది.

కింది కనురెప్పను కిందికి లాగి లోపలివైపు చూడండి. ఎర్రగా ఉంటే సరే, పాలిపోయి తెల్లబడితే నెత్తురు తాగే పురుగు ఉన్నట్టే. మంద మొత్తానికి మందు పోయకుండా పాలిపోయిన వాటికే పశువైద్యుణ్ని అడిగి పోయండి.

ప్రాణం మీదికి వచ్చే మూడు సందర్భాలు

*పొట్ట ఉబ్బరం.* లూసర్న్ లాంటి పప్పుజాతి మేత చిక్కగా ఉన్న మడిలోకి ఆకలి మీదున్న పశువును, మంచు తడి ఆరకముందు తోలకండి. ముందు కడుపునిండా ఎండుగడ్డి పెట్టి, తొలిరోజు గంట మాత్రమే వదలండి. ఎడమ డొక్క డప్పులా లేస్తే వెంటనే వైద్యుణ్ని పిలవండి. పప్పుజాతి మేతే అయినా స్టైలోకు ఈ భయం లేదు.

*లేత జొన్న.* మూరెడు కన్నా తక్కువున్న జొన్నలో, ఎండకు వాడిన జొన్నలో, వాడాక వాన పడి కొత్తగా చిగిర్చిన జొన్నలో విషం ఎక్కువ. నిమిషాల్లో పశువు పడిపోతుంది. ఏపుగా ఎదిగాకే తోలండి.

*చిటుక రోగం.* ఎండు మేత మీదున్న గొర్రెల్ని ఒక్కసారిగా లేత పచ్చిక మీదికి వదిలితే బాగా మేసే పిల్లలే ముందు పోతాయి. మేత వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి, వానలకు ముందే టీకా వేయించండి.

తరచూ చేసే తప్పులు

వెనక కంచె మర్చిపోవడం. రోజుకో పట్టీ చొప్పున ముందు తీగ జరుపుతూ పోతారు, వెనక తీగ మాత్రం కట్టరు. పశువులు వెనక్కి పోయి మొన్నటి చిగురు కొరుకుతుంటాయి. ముందుకు ఎంత జరిపారో వెనక నుంచీ అంత మూయాలి.

అరుపులకు లొంగిపోవడం ఇంకోటి. మీరు కనపడగానే పశువులు అరుస్తాయి, ఎందుకంటే మీరు వస్తే కొత్త మడి అని నేర్చుకున్నాయి. అరుపు ఆకలికి సాక్ష్యం కాదు, డొక్క చూడండి. ఎడమవైపు తుంటి ఎముక ముందున్న గుంట నిండి ఉంటే కడుపు నిండినట్టే, అరచేయి పట్టేంత లోతుంటే మాత్రం ఆలస్యం చేశారు.

మడి మొత్తానికి ఒక్కచోటే కర్ర పెట్టి చూడటం, అదీ గేటు దగ్గరే. గేటు దగ్గర ఎప్పుడూ గడ్డి తక్కువే. మడిలో అడ్డంగా నడుస్తూ పదిచోట్ల చూడండి.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

మొదటి ఏడాదే అద్భుతం ఆశించకండి. కానీ కొన్ని గుర్తులు ముందే కనిపిస్తాయి. పేడ చూడండి: మడి అంతటా పడుతోందా, ఒకే మూలనా? ముద్ద మధ్యలో చిన్న గుంటతో చుట్టలు చుట్టినట్టు పడితే మేత సరిగ్గా ఉంది. గట్టిగా గుట్టగా పడితే గడ్డి ముదిరింది, నీళ్లలా పారితే మరీ లేతది.

ఏడాదికి రెండుసార్లు, అవే నెలల్లో, వంద అడుగుల లెక్క వేయండి. మడిలో ఒక మూల నుంచి ఎదురు మూలకు నడుస్తూ ప్రతి అడుగుకూ బొటనవేలి ముందు ఏముందో చూడాలి: మంచి గడ్డా, కలుపా, బోడి నేలా? వందకు ముప్పై బోడి ఉన్నది వచ్చే ఏడాదికి ఇరవై అయితే మీ విశ్రాంతి రోజులు సరిపోతున్నట్టు. పెరిగితే మంద ఎక్కువైంది, లేదా తొందరగా తిరిగి తోలుతున్నారు. ఒక గూటం దగ్గర నిలబడి అదే దిక్కుకు ఫోటో కూడా తీసి ఉంచండి. మనసు మర్చిపోతుంది, ఫోటో మర్చిపోదు.

ఇక నోటుబుక్కులో ప్రతి మార్పుకూ ఒక్క వరుస చాలు: మడి నంబరు, తోలిన తేదీ, అప్పటి ఎత్తు, తీసిన తేదీ, అప్పటి ఎత్తు, పశువులెన్ని. "మడి 4, తోలింది 12న, 21 సెం.మీ., తీసింది 15న, 8 సెం.మీ., పది" ఇలా. మళ్లీ నాలుగో మడి వంతు వచ్చినప్పుడు ముందు ఆ వరుస తీసి చూసి, తర్వాత కర్ర పట్టుకుని వెళ్లండి. గడ్డి జానెడు లేకపోతే గేటు తెరవకండి.